కొసరు టికెట్టు

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు నడిపే నగరేశ్వరరావుకి రెండే విద్యలు వచ్చు. ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి బరువు చెప్పడం ఒకటి, కొసరు అడగడం రెండోది. కూరలు కొంటే కరివేపాకు కొసరు. చెప్పులు కొంటే పాలిష్ డబ్బా కొసరు. జ్వరమని డాక్టరు దగ్గరకెళ్తే, లేవబోతూ మోకాలి నొప్పికి కూడా కొసరుగా ఒక మందు రాయించుకొస్తాడు. కొసరు లేని బేరం తాలింపు లేని పప్పు అని అతని సిద్ధాంతం. నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు, అతనికి ఆ నవ్వూ కొసరే.

అలాంటి మనిషి చేతికి థీమ్ పార్కు టికెట్ల పేజీ చిక్కితే ఊరుకుంటాడా? విజయనగరం దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో ‘జలకేళి’ అని కొత్త పార్కు పెట్టారు. నీళ్లలో జారుడుబల్లలు, అలలు లేచే కొలను, ఆకాశంలో గిర్రున తిప్పే ఉయ్యాలలు. ఐదో తరగతి పాసైన కూతురు బిందు సెలవులిచ్చిన నాటి నుంచి దాని జపమే చేస్తోంది. కానీ నిజం చెప్పాలంటే నగరేశ్వరరావు మనసులో ఉన్నది బిందు కాదు, భార్య కన్యాకుమారి. ఆరేళ్ల కిందట ఎనిమిదో నెలలోనే ఆమెకి మగపిల్లాడు పుట్టాడు. పుట్టాడే కానీ ఏడవలేదు. బారసాల దాకా బతకని బిడ్డకి పేరేమిటని పెద్దవాళ్లు పేరు పెట్టనివ్వలేదు, తల్లికి సరిగ్గా చూపించనూ లేదు. అప్పటి నుంచి ఆమె వండుతోంది, వడ్డిస్తోంది, కొట్లో కూర్చుంటోంది. నవ్వడం మాత్రం మానేసింది. ఒక్క రోజు ఎక్కడికైనా తీసుకెళ్లి ఆమెను నవ్వించాలని అతని ఆశ. ఆశ పెద్దదే. దాన్ని కూడా చవగ్గా కొనాలనుకోవడం అతని బుద్ధి.

ఇక కొట్లో కూర్చున్నంతసేపూ ఫోన్లో అదే పని. శని ఆదివారాలు రేటెక్కువ, మామూలు రోజుల్లో తక్కువ. భోజనం కలిపితే ఒక ధర, కలపకపోతే ఇంకోటి. నీళ్ల ఆటలకి వేరే, పొడి ఆటలకి వేరే. పొట్లాలు కట్టే కాగితాల మీద లెక్కలు వేసి వేసి, చింతపండు కోసం నిలబడ్డ కొండబాబుని బెల్లం ఎంత కావాలని అడిగాడు.

“సింతపండు సావుకారూ. ఏటి, కలెక్టరు పరీచ్చకి సదువుతన్నావేటి?” అన్నాడు కొండబాబు.

చివరికి దొరికింది. ఫ్యామిలీ ప్యాకేజీ. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మధ్యాహ్నం భోజనంతో సహా. ముగ్గురికి విడివిడిగా కొంటే అయ్యేదానికంటే ఈ నలుగురి ప్యాకేజీ తక్కువ. నమ్మలేక మళ్లీ లెక్క వేశాడు. తక్కువే. అంటే నాలుగో టికెట్టు ఊరికే రావడం కాదు, ఎదురు డబ్బులిచ్చి మరీ వస్తోంది. బుద్ధెరిగాక ఇలాంటి కొసరు అతను చూడలేదు.

నలుగురి పేర్లూ వయసులూ రాయమంది ఫోను. తనది, కన్యాకుమారిది, బిందుది రాశాడు. నాలుగోది ఖాళీగా వదిలితే ముందుకి కదలనంది. పక్కింటి పిల్లాడి పేరు రాద్దామంటే, వాడు నిజంగానే వస్తానని కూర్చుంటే రైలు చార్జీ ఎవరు పెట్టుకుంటారు? లేని పిల్లాడి పేరే మేలు. అలా అనుకుంటూ ఉండగానే అతని వేలు ‘వినోద్’ అని రాసింది. వయసు ఆరు. కడుపుతో ఉన్నప్పుడు కన్యాకుమారి ఒక మధ్యాహ్నం అతని చెవిలో చెప్పిన పేరది. తరవాత ఎవరూ దాన్ని పలకలేదు, ఎక్కడా రాయలేదు. చెరిపేద్దామని వేలు పెట్టబోయి ఆగాడు. పేరే కదా, ఎవరి సొమ్ము పోయింది అని సర్దుకుని డబ్బు కట్టేశాడు. కొన్న టికెట్టు రద్దు కాదు, డబ్బు వెనక్కి రాదు అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇంత మంచి బేరం రద్దు చేసుకోవడానికి నాకేమన్నా పిచ్చా అనుకున్నాడు.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం తల్లి లక్ష్మణమ్మ అడ్డం తగిలింది.

“ముగ్గురెల్తారేటిరా? ముగ్గురు బయల్దేరితే పని సెడతాది.”

“అయితే నువ్వూ రా అమ్మా.”

“నా మోకాళ్లు గుమ్మమే దాటనంటన్నాయి, నానేటి జారుడుబల్లెక్కుతాను?”

ముగ్గురు వెళ్లక తప్పకపోతే ఒక రాయిని నాలుగో మనిషిగా వెంటబెట్టుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. లక్ష్మణమ్మ బిందుని పంపి రైలుగేటు పక్కనున్న కంకర కుప్పలోంచి నల్లరాయి ఒకటి తెప్పించింది. దాన్ని కొడుకు చేతిలో పెట్టింది.

“సంచీలో ఏసుకో. నాలుగని లెక్కెట్టు, సాలు. పేరెట్టకు. తిండెట్టకు. తిరిగొచ్చినప్పుడు తీసిన కాడే దించేసి, ఎనక్కి సూడకుండా వచ్చీ. ఇంట్లోకి మాత్రం తేకు.”

“పేరెడితే ఏటవుతాదే?”

“పేరెడితే ఇంకా రాయెందుకవుతాదిరా? మనిసైపోతాది. మనిసయ్యాక ఇంకొకరి సోటు అడుగుతాది.”

నగరేశ్వరరావుకి ఫోన్లో రాసిన నాలుగో పేరు గుర్తొచ్చింది. ఆ టికెట్లు వదిలేసి మూడు విడి టికెట్లు కొనచ్చు. కానీ కట్టిన డబ్బు రాదు. పేరు పెట్టింది టికెట్టుకి కానీ రాయికి కాదు కదా అని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. తనకి లాభమొచ్చే తీర్పు చెప్పుకోవడంలో మనిషిని మించిన జడ్జీ లేడు. అలవాటుగా రాయిని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. అరకిలోకి కాస్త తక్కువ.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి, విజయనగరంలో దిగి, పార్కు వాళ్ల బస్సులో చేరారు. గేటు దగ్గర ఒక అమ్మాయి ఫోన్లో టికెట్టు చూసి మణికట్లకి కాగితం పట్టీలు కట్టింది. పెద్దవాళ్లకి పచ్చవి, పిల్లలకి పసుపువి. మూడు కట్టి వెనకవాళ్లను రమ్మంది.

“నాలుగోది ఇవ్వలేదమ్మా,” అన్నాడు నగరేశ్వరరావు. వాడినా వాడకపోయినా కొసరు చేతికి రావాలి.

“బాబుకి ముందే కట్టీసాను సార్. లోపలికెల్పోయాడు.”

“ఏ బాబు?”

“మీ బాబే. మీ సంచీ పట్టుకుని నిలబడ్డాడు కదా,” అని నవ్వి ఆ అమ్మాయి తరవాతి వాళ్ల చెయ్యి అందుకుంది.

అతను చుట్టూ చూశాడు. ఎటు చూసినా పిల్లలే. ఎవడో గడుగ్గాయి తన కొసరు కొట్టేశాడని అతనికి ఒళ్లు మండింది. భయపడాల్సిన చోట కోపం రావడం కూడా ఒక రకం అదృష్టం, కాసేపు మనిషిని నిలబెడుతుంది.

పొద్దంతా బిందు నీళ్లలోంచి బయటికి రాలేదు. కన్యాకుమారి గట్టు మీద కూర్చుని చీర అంచు తడవకుండా చూసుకుంటూ ఉంది. నవ్వు లేదు. జారుడుబల్ల పైనుంచి కేకలు పెడుతూ వచ్చేవాళ్లను చూసి నగరేశ్వరరావే ఆమె వంతు కూడా నవ్వాడు.

భోజనాల దగ్గర నాలుగు ప్లేట్లు ఇచ్చారు. “మూడు సాలండీ. నాలుగోది ఎవరు తింతారు?” అంది కన్యాకుమారి.

“డబ్బు కట్టాం. అన్నం వాళ్లకెందుకు వదిలెయ్యాల?” అంటూ అతనే నాలుగో ప్లేటు తెచ్చి ఖాళీ కుర్చీ ముందు పెట్టాడు. ఆ కుర్చీలో రాయి ఉన్న సంచీ ఉంది. తల్లి మాట గుర్తొచ్చింది, కానీ పులిహోరా పెరుగన్నమూ వేడిగా కనబడుతుంటే వదిలిపెట్టే చెయ్యి కాదది. మూడు ప్లేట్లూ అయ్యాక నాలుగోది పొట్లం కట్టించుకోవచ్చని ఆలోచన. భార్యాభర్తలు చేతులు కడుక్కుని వచ్చేసరికి నాలుగో ప్లేటు ఖాళీ. ఒక్క మెతుకు లేదు. కరివేపాకులు మాత్రం అంచున వరసగా పేర్చి ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ కరివేపాకు అలా అంచున పేర్చే అలవాటు ఆ ఇంట్లో ఒక్క నగరేశ్వరరావుకే ఉంది.

“ఎవరే తిన్నారు?” అన్నాడు గొంతు తగ్గించి.

“తమ్ముడు,” అంది బిందు, పెరుగు మూతి తుడుచుకుంటూ. “ఆడెప్పుడూ ఏటీ తిన్లేదంట నాన్నా. ఆకలేసిందంట.”

కన్యాకుమారి చేతిలో నీళ్ల సీసా అలాగే ఉండిపోయింది. ఎండకి పిల్లకి కళ్లు తిరుగుతున్నాయేమో అని గొణిగి నగరేశ్వరరావు సంచీ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి మధ్యలో ఆగింది. పొద్దున్న అరకిలో లేని రాయి ఇప్పుడు కిలో దాటింది. ఆ చెయ్యి ఎన్నడూ తప్పు చెప్పలేదు.

వెంటనే ఇంటికి పోదామన్నాడు. మిగతా ఆటలకి డబ్బు కట్టి పోదామనడం అతని నోట రావడమే వింత. కన్యాకుమారి కదల్లేదు. ఆమె కళ్లు పిల్లల గుంపులో ఎవరినో వెతుకుతున్నాయి. బిందు ఉయ్యాలెక్కుతానని మారాం చేసింది. సీటులో కూర్చోబెట్టడానికి పిల్లని చంకల కింద పట్టి ఎత్తాడు. బిందు అరబస్తా పిల్ల, పాతిక కిలోలు. నిన్న కూడా అటక మీద డబ్బా అందుకుంటానంటే ఎత్తాడు. ఇప్పుడు పావు బస్తా లేదు. తడి బట్టలతో సహా ఎత్తినా, చేతులు అనుకున్నదానికంటే పైకి లేచిపోయాయి.

“బిందూ, ఏటైనా అవుతందేటమ్మా?”

“సల్లగా ఉంది నాన్నా,” అంది పిల్ల. ఆ మాట కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. ఉయ్యాల ఎక్కించకుండానే దించేశాడు. నిలబడ్డ చోట బిందు నీడ చుట్టుపక్కల పిల్లల నీడల కంటే పల్చగా కనబడింది.

సరిగ్గా అప్పుడే మైకులో వినబడింది. “నగరేశ్వరరావు గారు, ఆమదాలవలస. మీ అబ్బాయి వినోద్, ఆరేళ్లు, మా ఆఫీసు దగ్గర మీ కోసం ఎదురుచూస్తున్నాడు. దయచేసి వచ్చి తీసుకెళ్లండి.”

కన్యాకుమారి భర్త వైపు తిరిగింది. “ఆ పేరు మీకు తప్ప ఎవరికీ సెప్పలేదండీ,” అంది. అతను తల దించుకున్నాడు. ఆమె రాయి ఉన్న సంచీని గుండెకి హత్తుకుని ఆఫీసు వైపు పరిగెత్తింది. ఆరేళ్లలో ఆమె పరిగెత్తడం అతను చూడలేదు. బిందుని భుజాన వేసుకుని వెనకాలే పరిగెత్తాడు. భుజం మీద ఖాళీ గోనెసంచీ వేసుకున్నట్టుంది.

ఆఫీసు ముందు బల్ల మీద ఎవరూ లేరు. బల్ల మాత్రం పిల్లాడు కూర్చున్నంత మేర తడిగా ఉంది. “ఇప్పుడే అమ్మ వస్తందని లేచెల్లాడండీ,” అంది మైకు దగ్గరున్నావిడ. కన్యాకుమారి ఆ తడి పక్కనే కూర్చుంది. సంచీని ఒళ్లో పెట్టుకుంది. పక్కనెవరో ఏదో చెబుతున్నట్టు కాస్త వంగి విని, నవ్వింది.

ఆ నవ్వు కోసమే కదా ఇంత దూరం వచ్చింది! బుగ్గన సొట్ట పడే ఆ నవ్వుని అతను మరిచిపోయాడు. దాన్ని అలాగే ఉండనిస్తే చాలనిపించింది. భుజం మీద బిందు ఇంకాస్త తేలికైంది.

అప్పుడు అతని బుర్రలో తక్కెడ ఆడింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న తక్కెడే. ఒక సిబ్బి దిగుతోందంటే రెండోది లేస్తోందన్నమాట. ప్యాకేజీలో ఇద్దరు పిల్లలు. ఒకరికి డబ్బు కట్టాడు, ఒకరు కొసరు. ఎవరు కొసరో అతనికి తెలుసు. తక్కెడకేం తెలుసు? అది వినోద్ అని రాసి ఉన్న పిల్లాడినీ, బిందు అని రాసి ఉన్న పిల్లనీ ఒక్కలాగే తూస్తోంది.

బిందుని ఎత్తుకునే గేటు పక్క కౌంటరుకి పరిగెత్తాడు. “ఒక పిల్ల టికెట్టు. విడిగా. పూర్తి ధరకి.”

“సగం రోజైపోయింది సార్. ఇప్పుడు కొని ఏటి సేస్తారు?” అన్నాడు కౌంటరు కుర్రాడు. “రేపు ఆన్‌లైన్లో తీసుకుంటే డిస్కౌంటు—”

“నాకు డిస్కౌంటొద్దు నాయనా! కొసరొద్దు! మొత్తం తీసుకో,” అని అరిచాడు నగరేశ్వరరావు. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. పేరు అడిగితే ఒక్కో అక్షరం విడదీసి బిందు అని చెప్పాడు. పాత పట్టీ తెంపేసి, కొత్త పసుపు పట్టీ తనే కూతురి మణికట్టుకి కట్టి ఎత్తాడు. పావు బస్తా. ఇంకా తేలిక మాత్రం కాలేదు. తూకం ఆగింది, కానీ తిరిగి రాలేదు. అవతలి సిబ్బిలో బరువు దించేదాకా రాదు.

తిరుగు రైల్లో కన్యాకుమారి కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో సంచీని నెమ్మదిగా ఊపుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. బిందు తండ్రి ఒళ్లో మగతగా పడుకుని, మధ్య మధ్యలో ఎవరికో జవాబు చెబుతున్నట్టు గొణుగుతోంది. వెలుగుండగానే రైలు దిగారు. రైలుగేటు దగ్గర, కంకర కుప్ప పక్కన అతను ఆగాడు.

“కన్యా, సంచీ ఇయ్యి.”

ఆమె సంచీని వెనక్కి లాక్కుంది. “మీరు పిలిసారు. మీరు పేరెట్టి పిలిస్తేనే వచ్చాడు. ఇప్పుడు మీరే వదిలెయ్యమంటారేటి? అప్పుడు నన్నడిగారా? ఇప్పుడైనా అడగండి.”

ఆరేళ్ల కిందట, బిడ్డ పోయిన రోజు ఆమె స్పృహలో లేదు. నాగావళి ఒడ్డున బట్టలో చుట్టిన బిడ్డని కాటికాపరి జోగయ్యకి అందించి, పెద్దలు చెప్పినట్టు వెనక్కి చూడకుండా వచ్చేశాడు. ఆమెకి చెప్పనిది ఒకటుంది. అందించేటప్పుడు అతని చెయ్యి ఊరుకోలేదు. వద్దు వద్దనుకుంటున్నా బరువు చెప్పేసింది. రెండుంబావు కిలోలు.

“అడుగుతన్నాను,” అన్నాడు. “ముందు బిందుని ఎత్తి సూడు. ఆ తరవాత నువ్వేటంటే అదే.”

ఆమె సంచీని మోచేతికి తగిలించుకుని బిందుని ఎత్తుకుంది. ఆమెకి తూకాలు తెలియవు. కానీ పదేళ్లు చంకనెత్తుకున్న పిల్ల బరువు ఏ తల్లికైనా తెలుసు. ఆమె ముఖంలో నవ్వు నెమ్మదిగా ఆరిపోవడం అతను చూస్తూ నిలబడ్డాడు. ఆమె బిందు మెడలో ముఖం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తరవాత మోచెయ్యి ముందుకి చాపింది. సంచీని అతన్నే తీసుకోమని.

నగరేశ్వరరావు సంచీలో చెయ్యి పెట్టి రాయిని బయటికి తీశాడు. వెచ్చగా ఉంది. రెండుంబావు. దాని నడుముకి పసుపు పట్టీ బిగించి కట్టి ఉంది.

అతను మోకాళ్ల మీద కూర్చుని, మెడ వాలకుండా పసిబిడ్డని దించేటట్టు దాన్ని రెండు చేతులతో కంకర మీద పెట్టాడు. “క్షమించు నాయనా,” అన్నాడు. పేరు పలకలేదు. లేచి, భార్య భుజం పట్టుకుని నడిచాడు. గేటు దాటుతుండగా వెనక నుంచి “నాన్నా” అని వినబడింది. సన్నటి గొంతు. ఆ గొంతుని అతను ఎప్పుడూ వినలేదు, అయినా అది ఎవరిదో తెలిసింది. కన్యాకుమారి కూడా విందని ఆమె భుజం చెప్పింది. ఇద్దరూ వెనక్కి తిరగలేదు. అడుగడుగుకీ బిందు బరువెక్కుతూ వచ్చింది. సందు మొదట్లోకొచ్చేసరికి కన్యాకుమారి మొయ్యలేక పిల్లని అతని చేతికిచ్చింది.

గుమ్మంలో లక్ష్మణమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. కొట్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని లాభమని లెక్కపెట్టినట్టే ఆవిడ ఇంటి మనుషుల్నీ లెక్కపెడుతుంది. “లాభం,” అని బిందు తల మీద చెయ్యి వేసింది. “రెండు. మూడు. రాయి దించీసారా?”

“దించీసామమ్మా,” అన్నాడు నగరేశ్వరరావు. ఆ మాటతో అతనికి దుఃఖం ఆగలేదు. అరుగు మీద కూలబడి ఏడ్చాడు.

అన్నాలు అయ్యాయనిపించారు. బిందు కళ్లు మూతలు పడుతుంటే తండ్రి ఒళ్లోకి ఎక్కి పడుకుంది. “నాన్నా, ఆడు మనిల్లెక్కడని అడిగాడు,” అంది. “రైల్లో దారి సెప్పాను. గేటు దాటి, మన కొట్టు పక్క సందు అని.” చెప్పి నిద్రపోయింది.

కన్యాకుమారి వీధి తలుపు గడియ పెట్టబోయి ఆగింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి భర్త వైపు చూసింది. గడియ వెయ్యమని చెప్పాలని అతనికి తెలుసు. మెలకువలో, నిద్రలో, ఏ తండ్రిని అడిగినా అదే చెబుతాడు.

“ఉండనీ,” అన్నాడు.

ఆమె తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టకుండా వచ్చి అతని పక్కన కూర్చుంది. అతను బిందు మణికట్టుకున్న పసుపు పట్టీని వేళ్లతో పట్టుకుని, కాస్సేపటికోసారి పిల్లని ఒళ్లోంచి కొద్దిగా ఎత్తి చూసుకుంటూ కూర్చున్నాడు.